వదులు కుట్టు

“ఈ ఫొటోలో పెళ్లికూతురు ఎవులు నాన్నా?” ఆశగా అడిగింది కూతురు రోజలిన్.

జ్ఞానదాసు ఫొటో వైపు చూడలేదు. ఆల్బమ్‌ని తిరగేసి, కుట్టుని బొటనవేలితో తడిమాడు. కంచరపాలెంలో ముప్పయ్యేళ్లు పుస్తకాలు బైండింగ్ చేసిన చేయి అది.

ఆయనకి ఇంట్లోవాళ్లు గుర్తుండడం మానేశాక, భార్య ఆరోగ్యమ్మ నెల్లాళ్లు కూర్చుని ఆ ఆల్బమ్ తయారుచేసింది. పాత క్యాలెండర్ అట్టలు కోసి, మైదా జిగురుతో ఫొటోలు అంటించి, ఒక్కోదాని కింద పేరు రాసింది.

“కుట్టు వదులైపోనాది. ఎవులు కుట్టేరు?” అన్నాడు.

“నానే,” అంది ఆరోగ్యమ్మ.

“మా ఆడది కుడితే పేజీ కదలదు. పెళ్లైన కొత్తలో నానే నేర్పేను. ఆరోగ్యమ్మని దాని పేరు.”

“నాన్నా, అమ్మ ఇక్కడే...” అనబోయిన రోజలిన్ చేయి పట్టి ఆపింది ఆరోగ్యమ్మ.

“అయితే ఇప్పేసి, మళ్లీ బిగించి కుట్టమంటారా?”

జ్ఞానదాసు గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“వొద్దమ్మా. అదొచ్చే యేళైంది. ఎవులో ఆడమనిషి ఇంట్లో కూకుంటే బాధపడతాది. నువ్వింక ఎల్లు.”