పేరు చెప్పని కంపెనీ

"అబ్బ, చావుకబురు చెబుతున్నట్టు ఆ మొహమేంటమ్మా! నవ్వుతూ చెప్పు. మళ్ళీ మొదట్నుంచి."

బిజినెస్ స్కూల్లో పిల్లలకి ఉద్యోగాలు చూసిపెట్టే ఆఫీసరాయన. పిల్లలంతా 'బాబాయ్' అంటారు. ఎదురుగా కూర్చున్నది ఈ ఏడాది బ్యాచ్‌లో ఉద్యోగం రాకుండా మిగిలిపోయిన ఒకే ఒక్క అమ్మాయి. ఆమె జీతం వస్తేనే ఇంట్లో చెల్లెలి చదువు ముందుకు సాగేది.

ఒకప్పుడు ఈ గది ముందు కంపెనీలు బారులు తీరేవి. ఇప్పుడు ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని, స్క్రీన్ మీదే మనుషుల్ని ఏరుకుంటున్నాయి. ఆ లింకులూ అవీ ఆయనకి ఓ పట్టాన కొరుకుడు పడలేదు. తన చేతకానితనానికి ఈ పిల్ల బలైపోతోందని ఆయన మనసు ఒకటే పీకుతోంది.

నిన్న డైరెక్టర్ పిలిచి, "ఒక మేనేజర్ పోస్టు ఉంది. కంపెనీ పేరు ఇప్పుడే చెప్పరు. ఆ అమ్మాయిని తయారు చెయ్యండి" అన్నాడు. పేరు దాచి మనుషుల్ని తీసుకునే కంపెనీలు ఆయనకి కొత్తేం కాదు. ప్రాణం లేచొచ్చింది.

"ఇది తప్పకుండా అడుగుతారు. కొత్త పద్ధతులు ఒంటబట్టని పాత ఉద్యోగి ఉన్నాడు. మంచివాడే. ఏం చేస్తావ్?"

"నేర్పిస్తా బాబాయ్. పాపం కదా."

"పాపమా, నీ మొహమా! అక్కడే బోల్తా పడతావ్. 'ప్రపంచం మారింది, జాలిపడితే సంస్థ మునుగుతుంది, గౌరవంగా పంపించేస్తాను' అను. తడబడకు."

ఆమె గొణుక్కుంటూ బట్టీ పట్టింది. "అచ్చొచ్చిన పెన్ను, ఉంచుకో" అని తన పెన్ను చేతిలో పెట్టి, ఇంటర్వ్యూకి పైన డైరెక్టర్ గదికి పంపాడు.

తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"పోయిందా?"

"వచ్చింది బాబాయ్."

"ఓసి పిచ్చిదానా! మరి ఏడుపెందుకే? ఆ ప్రశ్న అడిగారా?"

"అదొక్కటే అడిగారు. మీరు చెప్పినట్టే చెప్పాను. వెంటనే ఖాయం చేశారు."

"చూశావా మరి! బాబాయ్ అంటే ఏమనుకున్నావ్! ముందు కూర్చో."

ఆమె కూర్చోలేదు. పెన్ను తీసి బల్లమీద పెట్టేసింది.

"నా మీద ఒట్టు, ఖాయం చేసేదాకా నాకూ తెలీదు బాబాయ్. క్షమించండి."

"క్షమించడమేంటే? ఇంతకీ ఎక్కడ ఉద్యోగం?"

"మీ కుర్చీలోనే బాబాయ్."