ఓడ అడుగున తలుపు

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు వెలిగాయి. రెండువేల పదకొండు. తెలంగాణ కోసం సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు. ఆ రోజు వంటావార్పు. కొత్తపేట, కర్మన్‌ఘాట్ జనమంతా పిల్లలతో సహా రోడ్డు మీదే కూర్చున్నారు.

సూర్యప్రభ టీచర్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఆమెది గుంటూరు. ఒకరిద్దరు గుర్రుగా చూశారు.

"మీ పోరాటం మీరు చెయ్యండి. నా పిల్లలకి పాఠం మాత్రం ఆగదు," అందామె.

పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, వాళ్ల కోసం తాను రాసిన చరిత్ర కథ తెరిచింది.

పందొమ్మిది వందల నలభై రెండు. యుద్ధం. రంగూన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వస్తున్న జనంతో ఓడ. నడిసముద్రంలో బాంబు పడింది. ఓడ అడుగున మనవాళ్లే, మిల్లు కూలీలు.

"అప్పుడు కెప్టెన్ స్వయంగా కిందికి వెళ్లి తలుపు తీశాడు. కూలీలు మాత్రం భయంతో కదల్లేదు. ఓడతో పాటే..."

"గట్ల గాదు."

అందరూ తలలు తిప్పారు. గుడాల అవ్వ. ఇరవై ఏళ్లుగా ఆ చౌరస్తాలోనే గంప పెట్టుకుని ఉడికిన శనగలు అమ్ముతుంది.

"తలుపు ఎవ్వడూ తియ్యలే. పడవలు సాలవని బయటికెల్లి తాళమేసిండ్రు. లోపటోళ్లే రోకలితోని గుద్ది పలగ్గొట్టిండ్రు."

అన్నం కలుపుతున్న దశరథ పకపకా నవ్వాడు. "ఏంది అవ్వా, ఓడల గూడ సమ్మె చేపిస్తున్నవా?"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. పిల్లలు చాప దిగి ఆమె వైపు జరిగారు.

"ఊడిన తలుపు చెక్కను నీళ్లల్ల ఏసిండ్రు. పోరగాండ్లను దాని మీద పండవెట్టిండ్రు. పెద్దోళ్లు ఈదుకుంట తోసిండ్రు, తెల్లారేదాంక. గసువంటోళ్లు భయపడ్డరని ఎట్ల రాస్తరు?"

"మరి తోసినవాళ్లు?" ఒక పిల్ల అడిగింది.

"ఒక్కొక్కలే చెయ్యి ఇడిసిండ్రు బిడ్డా."

టీచర్ కళ్లద్దాలు సవరించుకుంది. "మామ్మగారూ, నేనేమీ కల్పించలేదు. ఓడ కంపెనీ కాగితాలు చూసి రాశాను."

"గా కాగితాలు రాసినోడు పడవల కూసున్నడు."

"అడుగున ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా బతకలేదండీ. ఇక మీకెవరు చెప్తారు? కావాలంటే పేర్లు కూడా ఉన్నాయి, వినండి."

టీచర్ చివరి పేజీ తిప్పి, ఒక్కో పేరూ నెమ్మదిగా చదివింది. "రామస్వామి. జానయ్య. నల్లగొండ లచ్చయ్య. లచ్చయ్య కూతురు సైదమ్మ, ఆరేళ్లు..."

"గా సైదమ్మ పేరు కొట్టెయ్ బిడ్డా," అన్నది గుడాల అవ్వ, "నేనింకా సావలే."