రెండో పిలుపు

"మీ కుర్రాడిది దొంగ వయసట, సార్. సీటు ఆపేశాం."

కాలేజీ వాళ్ళు ఫోన్ పెట్టేశాక కూడా ఉదయ్ కుమార్ దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాడు.

నారాయణగూడ గ్రౌండ్‌లో ఇరవై ఏళ్ళుగా ఎండకు మాడుతూ పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాడాయన. ఇన్నాళ్ళకు ఒక శిష్యుడికి పెద్ద కాలేజీలో ఆటల కోటా సీటు ఖాయమైంది. ఇద్దరు పరిశీలకులు వచ్చి, అభిజిత్ బంతి విసరడం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. కోచ్ కూడా అభిప్రాయం రాసివ్వాలన్నారు. ఆయన పేజీ నిండా రాశాడు. వేగం అద్భుతం, గురి అద్భుతం. 'లోపాలు' అన్నచోట మాత్రం నిజాయితీకి పోయి ఒక్క ముక్క రాశాడు: 'పేరు పెట్టి పిలిస్తే ఒకంతట పలకడు. రెండోసారి పిలవాలి.'

ఇప్పుడు ఎవరో కాలేజీకి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. సర్టిఫికెట్‌లో ఉన్న వయసు ఈ కుర్రాడిది కాదని.

ఇది రాజేశం పనే అనుకున్నాడు. చిక్కడపల్లిలో ఇంకో జట్టు నడిపే రాజేశానికి తనంటే కడుపుమంట. నాలుగు దులుపుదామని బయల్దేరుతుండగా కాలేజీ నుంచి ఆ ఉత్తరం ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. గుండ్రటి అక్షరాలు. ప్రతి ఆదివారం స్కోరు పుస్తకంలో చూసే అక్షరాలే.

అభిజిత్ చేతిరాత!

స్కూటర్ అశోక్‌నగర్‌లో అభిజిత్ ఇంటి వైపు తిరిగింది.

తలుపు తీసిన అభిజిత్ తండ్రి శ్రీపతి, కోచ్ ముఖం చూడగానే సంగతి గ్రహించాడు.

"రెండేండ్లే సార్. ఆటలల్ల ఎవలు తగ్గిస్తలేరు?"

"ఆరేండ్ల సంది మీ ఇంట్ల చాయ్ తాగుతున్న. ఒక్కమాట నాకు చెప్పాలనిపించలేదా? కాలేజీకి రాసిచ్చిన కాగితం మీద సంతకం నాది. ఇగ నా పిల్లలను ఏ కాలేజీ నమ్ముతది?"

లోపల్నుంచి శ్రీపతి భార్య విద్యావతి గొంతు వినిపించింది. "పెద్దోడా, సార్‌కు మంచినీళ్ళు ఇయ్యి."

అభిజిత్ గ్లాసుతో వచ్చాడు. ఉదయ్ కుమార్ అందుకోలేదు. తండ్రి మోసం చేశాడు, సరే. బిడ్డ మీది ఆశ ఎవరిచేత ఏమైనా చేయిస్తుంది. కానీ వీడు! భుజం పట్టేస్తే తాను నూనె రాసి మర్దనా చేసినవాడు, కొడుకు కంటే ఎక్కువ అనుకున్నవాడు. కూర్చున్న కొమ్మ నరుక్కుని, నీడనిచ్చినవాడి మీదే పడేశాడు.

"అభీ, ఎందుకు రాసినవ్ రా?"

పలకలేదు.

"అభీ!"

కుర్రాడు ఉలిక్కిపడి తలెత్తాడు. కళ్ళు నిండి ఉన్నాయి.

"రేపు డిగ్రీ పట్టా మీద గూడ గదే పడ్తది సార్. ఇగ నాతోని గాదు."

"పడితే ఏమాయె? ముష్టి రెండేండ్ల కోసం జిందగీ ఖరాబ్ చేసుకుంటవా?"

శ్రీపతి కొడుకు చేయి గట్టిగా పట్టుకున్నాడు. కుర్రాడు విడిపించుకున్నాడు.

"అభిజిత్ మా తమ్ముడు సార్, నల్లకుంటల ఉన్నప్పుడే డెంగీతోని పోయిండు, నా పేరు వినయ్."