దేవవ్వ బొట్టు

“నూలు దొంగతనం కేసులో అప్పీలు చేసుకున్న కొమురెల్లి ఏడీ?” అని కరీంనగర్ జడ్జి అడిగాడు.

“పాణం మంచిగ లేదు, దొరా,” అంది భార్య దేవవ్వ.

కొమురెల్లి పోయి నెల దాటింది. మనిషి చనిపోతే అప్పీలు నడవదని వకీలు ఎప్పుడో అన్న మాట పట్టుకుని, కులపోళ్లు తిట్టినా ఆమె బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు.

“బాగయ్యాక తీసుకురా. అతను ఎదుట ఉంటేనే వింటాను.”

“దొంగ కాదని ఒక్క మాట చెప్పు, దొరా. దొంగ కొడుకని నా కొడుక్కు ఎవ్వలు మగ్గానికి నూలు ఇస్తలేరు.”

“అతన్ని రానీ.”

దేవవ్వ కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. “ఇగ రాడు.”

జడ్జి కలం కింద పెట్టాడు. “అయితే వినడానికేమీ లేదమ్మా. శిక్ష అతనితోనే పోయింది.”

“దొంగ అన్న పేరు?”

“అది ఉంటుంది.”

కోర్టు మెట్ల మీద కూర్చుని దేవవ్వ గాజులు పగలగొట్టుకుంది. అప్పుడుగాని ఆమెకు ఏడుపు రాలేదు.