పద్నాలుగు కిలోమీటర్లు

"నీ మీటరు తప్పని ఒక్క ముక్క ఒప్పుకో రసూల్‌బీ, గొడవ వదిలిపోతుంది," అన్నాడు వరప్రసాదరావు, చెప్పులైనా విడవకుండా ఆమె వసారాలోకొచ్చి నిలబడి.

రసూల్‌బీ ఒళ్లో ఓ లారీ స్పీడోమీటరు విప్పి ఉంది. వెంట్రుకంత స్ప్రింగు చిన్న పట్టకారు చివర వణుకుతోంది. దాన్ని పదిలంగా పళ్లెంలో పెట్టాకే తలెత్తింది.

"చెయ్యని తప్పు ఎట్లా ఒప్పుకుంటానండీ?"

"మా ఆవిడ గురువారం గురువారం నందిగామ పుట్టింటికి వెళ్తుంది. పోనూ రానూ అరవై కిలోమీటర్లు. పోయిన నెల నువ్వు కారు మీటరు బాగుచేసి ఇచ్చిన దగ్గర్నుంచీ డెబ్భై నాలుగు చూపిస్తోంది. ఆ పద్నాలుగూ ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి? నీ మీటరన్నా తప్పవ్వాలి, లేదా ఆవిణ్ణి గుమ్మంలో దింపేసి ఈ రత్తయ్యన్నా కారు కిరాయికి తిప్పుతుండాలి. ఏదో ఒకటి ఇవాళ తేలిపోవాలి. దొంగ డ్రైవరు నాకొద్దు!"

వీధిలో అంబాసిడర్ పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ రత్తయ్య, "మీటరేనండీ బాబూ, మీటరే," అని గొణిగాడు. చూపులతోనే రసూల్‌బీ కాళ్లు పట్టుకుంటున్నాడు పాపం. కారులోంచి వరప్రసాదరావు భార్య పుష్పవతి కూడా తల బయటపెట్టింది. "మీటరే చెడిపోయుంటుంది లెండి. ఎండెక్కుతోంది, పోదాం రండి."

రసూల్‌బీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత తేలిగ్గా అనేశారు! ఈ మాట జగ్గయ్యపేట లారీ ఆఫీసుల దాకా పాకితే రేపట్నుంచి తన గడప తొక్కేదెవరు? 

"ఆడదాని చేతికిస్తే ఇంతేనని నలుగురూ ముందే చెప్పారు," అన్నాడు వరప్రసాదరావు.

అంతే! కొంగు నడుముకి బిగించింది రసూల్‌బీ.

"ఎటూ నందిగామే కదా వెళ్తున్నారు? నేనూ వస్తా, పదండి రోడ్డు మీదకి. వాచీ మీది, కిలోమీటరు రాళ్లు గవర్నమెంటువి. నాదల్లా మీటరొక్కటే. అది తప్పయితే నా బోర్డు నేనే పీకి పొయ్యిలో పెట్టుకుంటా!"

చిల్లకల్లు దాటి పెద్దరోడ్డెక్కారు. రసూల్‌బీ వెనకసీట్లో పుష్పవతి పక్కన కూర్చుని ముందుకు వంగింది.

"రత్తయ్యా, ముల్లు అరవై మీద పెట్టు. కదిలిందో, నీ పని చెప్తా. బాబుగారూ, రాయి దాటగానే వాచీ చూడండి. అరవై మీద పోతే రాయికీ రాయికీ మధ్య నిమిషం పట్టాలి. నేను పట్టే లెక్క అదే, ఏ మీటరుకైనా."

రాయి వెనక్కి పోయింది. రెండో రాయి వచ్చింది.

"ఎంతండీ?"

వరప్రసాదరావు వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది బాగానే కొట్టుకుంటోంది. "నిమిషమే," అన్నాడు అయిష్టంగా. "ఏదో గుడ్డిదెబ్బ తగిలింది."

"అట్లాగా? అయితే పది రాళ్లు పోనివ్వండి. ముల్లుతో పాటు కింద అంకెలు కూడా చూసుకోండి."

పదో రాయి పక్కన కారు ఆగింది. పది నిమిషాలు. అంకెలు సరిగ్గా పది తిరిగాయి.

"ఇప్పుడు చెప్పండి, ఆడదాని చేతికిస్తే ఏమవుతుందో!" అంది రసూల్‌బీ. ఆమె మొహం వెలిగిపోతోంది.

వరప్రసాదరావు వాచీ మీంచి చూపు తిప్పాడు. డ్రైవరు వైపు తిరిగాడు. "అయితే దొంగవి నువ్వేనన్నమాట. తాళాలు ఇటు పడేసి దిగు."

రత్తయ్య నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మూసేశాడు. తాళాలిచ్చి, దిగి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన దారినే నడక సాగించాడు.

రసూల్‌బీ గుండె కలుక్కుమంది. మీటరు నెగ్గిందన్న సంతోషం ఎటు పోయిందో! అయినా మీటరు తప్పని మాత్రం అనలేకపోయింది. గబుక్కున కారు దిగి వరప్రసాదరావు కూర్చున్న వైపు తలుపు దగ్గర నిలబడింది.

"ఆగండి బాబుగారూ! బండి ఎంత తిరిగిందో చెప్తుంది గానీ ఎందుకు తిరిగిందో మీటరు చెప్పదు. మనిషిని దొంగని చెయ్యడానికి నా మీటర్ని సాక్ష్యం పిలిస్తే ఊరుకోను!"

"నీ పని మీటరు వరకే. నోరు మూసుకో."

"మూసుకోను!"

ఆయన విసురుగా కారు దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి, తనకి డ్రైవింగ్ రాదని. చేతిలో తాళాలున్నాయి, ఎదురుగా కారుంది, నందిగామ ఇంకా చాలా దూరముంది. ఓ లారీ మొహాన దుమ్ము కొట్టి వెళ్లిపోయింది. రసూల్‌బీ నవ్వు దాచుకోలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. పుష్పవతి దిగి, మొగుడి చేతిలోంచి తాళాలు లాక్కుంది.

"రత్తయ్యని వెనక్కి పిలవండి, వెనకసీట్లో కూర్చుంటాడు. వారం వారం ఆ పద్నాలుగు కిలోమీటర్లూ నడిపింది నేను."