పేరున్న కప్పు

గొడవ కప్పు దగ్గర మొదలైంది.

కూతురి నాలుగో పుట్టినరోజుకని నవోమి ఆబిడ్సు నుంచి తెచ్చిన పింగాణీ కప్పు అది. నీలి రంగుతో ‘ఐల్సా’ అని పేరు కూడా రాయించింది.

అందులో అత్తగారు మగ్దలీనమ్మ, ఐలమ్మకు చాయ్ పోసింది.

ఐలమ్మ అమీర్‌పేటలో ఉండే ముసలమ్మ. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే పంజాగుట్టలోని వీళ్ళింటికి వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. చుట్టమో, కూలి మనిషో నవోమి ఎన్నడూ అడగలేదు.

“ఇంట్లో ఇంకో కప్పే లేదా అత్తయ్యా?”

“చాయ్ తాగితే పేరు చెరిగిపోతదా బిడ్డా?”

ఐలమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

“మంచిగ రాసిండ్రు” అని కప్పు తనే కడిగి, బోర్లించి వెళ్ళింది.

నవోమికి ఆ పేరంటే ప్రాణం. రెండు రోజుల పురిటి నొప్పుల తర్వాత తెలివి వచ్చేసరికి మంచం పక్కన డాక్టరు దొరసాని ఉంది. బిడ్డకు ఐల్సా అని పెడదామని అత్తగారు అంటే, అది దొరసాని పేరే అనుకుంది. స్కాట్లాండు సముద్రంలో ఆ పేరుతో ఒక కొండ ఉందని పుస్తకంలో చదివి మరీ మురిసింది.

మరుసటి ఆదివారం చర్చిలో పాదిరి, “ఐల్సా, వాక్యం చెప్పమ్మా” అన్నాడు.

నలుగురు ఆడపిల్లలు లేచి నిలబడ్డారు.

బోరబండలో రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్ల బైబిలు వాక్యం తడబడకుండా చెప్పింది. మెప్పంతా ఆ చెప్పుల్లేని పిల్లకే దక్కింది. నవోమి కూతురు నోరు విప్పలేదు.

దొరసాని పేరు వాళ్ళకెందుకని నవోమి ఇంటికొచ్చి భర్త యేసురాజును నిలదీసింది.

“పేరుకు సుత తాళమేస్తవా?” అని నవ్వాడతను.

పేరు మార్చి ఎలిజబెత్ అని పెట్టిస్తానంది నవోమి.

ఆ శుక్రవారం ఐలమ్మ చనిపోయింది. అత్తగారి కోసం నవోమి కూడా పాపను తీసుకుని సమాధుల దగ్గరికి వెళ్ళింది.

పాదిరి పాత బాప్తిస్మపు పుస్తకం తెరిచి, పోయిన మనిషి పేరు చదివాడు.

నలుగురు ఆడపిల్లలూ ఒక్కసారే తలెత్తారు.

ఇంటికొచ్చి అందరూ అన్నాలకు కూర్చున్నారు.

“అత్తయ్యా, ఆ రోజు నాకు కాన్పు చేసిందెవరు?”

మగ్దలీనమ్మ ముద్ద కలుపుతూ చెప్పింది. దొరసాని మోటరు వచ్చేసరికే బిడ్డ ఏడుస్తోందట. ఆ నలుగురు పిల్లలూ ఐలమ్మ చేతుల మీదే పుట్టారట. ఐలోని మల్లన్న దేవుడి మీద పెట్టిన పేరు పోయేలా, బాప్తిస్మంలో స్కాట్లాండు నర్సు ఒకామె ఐలమ్మను ఐల్సా చేసిందట. ఆ పేరు పుస్తకంలోనే ఉండిపోతే, ఆమె పురుడు పోసిన పిల్లలకు పెట్టుకున్నారట.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఆమెనే వద్దన్నది. కోడలు దొరసాని పేరని మురుస్తున్నది, మురువనియ్యి అన్నది.”

నవోమి భర్త వైపు తిరిగింది.

“పేరు మార్చేది లేదండీ” అంది. “ఎవరైనా అడిగితే దొరసాని పేరని చెప్పకండి, మంత్రసాని పేరని చెప్పండి.”