చేత్తో తిరిగే నట్లు

ఏసీలో గ్యాస్ మళ్లీ అయిపోయింది. ఈ వేసవిలో ఇది మూడోసారి.

"ఇది ఏసీనా, చిల్లు కుండా?" అని విసుక్కుంటూ కొడుకు ఆఫీసులో గంట పర్మిషన్ అడిగి ఇంట్లో ఉండిపోయాడు.

గది తల్లిది. డెబ్బై నాలుగేళ్లు, చేతిలో కర్ర. కింది వాటా కావడంతో, మోకాలెత్తులో ఉన్న కిటికీకి బోనులా బయటికి పొడుచుకొచ్చిన ఇనప గ్రిల్. ఏసీ బయటి పెట్టె కూడా ఆ బోనులోనే ఓ మూల, గోడకి బిగించి ఉంది.

వచ్చిన మెకానిక్ యాభై దాటిన మనిషి. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి చూస్తాడని షాపులో అందరూ 'నురగ బాబాయ్' అంటారు.

ఆయన బయట సందులో నిలబడి, చువ్వల మధ్యలోంచి చెయ్యి పోనిచ్చి నురగ రాశాడు. వెనక రాగి గొట్టం నట్టు దగ్గర బుడగలు బుసబుసా లేచాయి.

"లీకు ఇక్కడుంది సార్. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లు పైపు దూర్చి గ్యాస్ కొట్టి పోయారు. ఈ నట్టు బాగుచెయ్యాలంటే స్పానర్ తిరగాలి. గ్రిల్ తియ్యాల్సిందే."

"గ్రిల్లా? ఏనుగొచ్చి లాగినా ఊడదయ్యా అది! ఓ పక్క మడతబందులు, ఇంకో పక్క నాలుగు బోల్టులు. నట్ల మీద కూడా వెల్డింగ్ కొట్టించా."

మెకానిక్ ఆ వెల్డింగ్ మచ్చని బొటనవేలితో తడిమాడు.

"అవును సార్. ఊడదు," అన్నాడు మెల్లగా.

మంచం వైపు చూసి, "అమ్మగారు పగలంతా ఒక్కరేనా?" అన్నాడు.

"నేనూ మా ఆవిడా తాళం వేసి ఆఫీసులకి వెళ్తాం. లేకపోతే ఎవడు బెల్లు కొట్టినా తలుపు తీసి, రా నాయనా కూర్చో అంటుంది."

"నిన్న కాకిని కూడా అలాగే పిలిచాను. ఈ చువ్వలు చూసి అదీ రాలేదు," అంది తల్లి మంచం మీంచి.

మెకానిక్ నవ్వలేదు. "తాళం బయట్నుంచా సార్?"

"నీకెందుకయ్యా అవన్నీ? నీ గ్యాస్ సంగతి చూడు. కోస్తే కొయ్యి, పనయ్యాక బిగించెయ్. అంతే."

ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కొడుకు హాల్లోకి వెళ్లిపోయాడు.

మెకానిక్ పాత నట్లు నాలుగూ కోసేశాడు. గ్రిల్ తలుపులా తెరుచుకుంది. గొట్టం చివర కోసి కొత్తగా చేశాడు. నట్టు బిగించి, మళ్లీ నురగ రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. పంపు పెట్టి గొట్టాల్లో గాలంతా లాగేసి, అప్పుడు గ్యాస్ నింపాడు.

"అరచేతులేంటి నాయనా, అలా కాలిపోయాయి?" అంది తల్లి.

"పాత పని తాలూకూ అమ్మా."

గ్రిల్ మూసి, సంచిలోంచి నాలుగు కొత్త బోల్టులు తీశాడు. వాటి నట్లకి కుందేలు చెవుల్లా రెండేసి రెక్కలు. నట్లు గది లోపలి వైపుకి వచ్చేలా బిగించాడు.

"అమ్మా, ఇవి చేత్తో తిరుగుతాయి. ఓసారి విప్పండి చూద్దాం."

"నేనేమన్నా నీ దగ్గర పనిలో చేరానా?"

"చేరారనుకోండి. ఊఁ, విప్పండి."

ఆమె వణికే వేళ్లతో విప్పింది. బిగించింది. ఆయన మళ్లీ విప్పమన్నాడు. మూడోసారికి చేతులు అలవాటు పడ్డాయి.

"ఉద్యోగం ఖాయమేనా?"

"ఖాయమే. రోజూ ఓసారి తిప్పుతుండండి. వాటికీ తుప్పు పట్టదు, వేళ్లకీ పట్టదు."

మర్నాడు కొడుకు ఆ నట్లు చూశాడు. నిప్పు తొక్కిన కోతిలా గంతులేశాడు. వెంటనే షాపుకి ఫోన్ కొట్టాడు.

"వాడు మీ మెకానిక్కా, దొంగల మనిషా? బయట్నుంచి చెయ్యి పెట్టి తిప్పితే ఇల్లు వాడిదే! ముసలావిడ ఒక్కతే ఉంటుందా, తాళం ఎట్నుంచి అని ఆరాలు కూడానూ! వాణ్ణి తీసేస్తారా, పోలీసుల దగ్గరికెళ్లమంటారా?"

"వద్దు సార్, ఇవాళే పనిలోంచి పంపించేస్తా," అన్నాడు షాపాయన.

"మంచివాడురా పాపం," అంది తల్లి.

"నీకందరూ మంచివాళ్లేనమ్మా. ఆదివారం వెల్డర్ వస్తాడు. అప్పటిదాకా వాటిని ముట్టుకోకు."

గురువారం మధ్యాహ్నం పక్కింటామె ఆఫీసుకి ఫోన్ చేసింది.

"బాబూ, మీ ఇంట్లోంచి పొగ! తలుపుకేమో తాళం!"

కొడుకు వచ్చేసరికి నలుగురు తలుపు పగలగొట్టి నీళ్లు పోస్తున్నారు. ఫ్రిజ్ వెనక వైరు అంటుకుని హాలంతా మసైపోయింది.

"అమ్మా!"

పలుకు లేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని తల్లి గదిలోకి దూరాడు. మంచం ఖాళీ. గ్రిల్ బార్లా తెరిచి ఉంది.

బయట సందులో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని దగ్గుతోంది తల్లి. కొడుకుని చూసి గుప్పిట విప్పింది. నాలుగు నట్లు.

"ఒక్కటీ పోగొట్టలేదురా. ఆయనకి చెప్పు, రోజూ తిప్పానని."

కొడుకు ఆ మసి బట్టలతోనే షాపుకి పరిగెత్తాడు.

"ఆయనేరండీ? నురగ బాబాయ్?"

"మీరే కదా సార్ తీసెయ్యమన్నారు. షాపు ఫోను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో తెలీదు."

కొడుకు జరిగింది చెప్పాడు. షాపాయన బల్ల కింది నుంచి ఓ డబ్బా తీసి మూత తెరిచాడు. నిండా చెవులున్న నట్లే.

"గ్రిల్లున్న ఇల్లంటే చాలు, నేనెళ్తా నేనెళ్తా అనేవాడు సార్. ఒకప్పుడు వాళ్లిల్లు అంటుకుందట. పెళ్లాం కిటికీ లోపల, ఈయన బయట. చేతులు కాలిపోతున్నా వదలకుండా చువ్వలు లాగాడట."

"ఊడలేదా?"

"ఎలా ఊడతాయి సార్... ఆ గ్రిల్ వెల్డింగ్ చేసింది ఆయనే."